కుండీ తిప్పిన చెయ్యి

ఫిబ్రవరి 9, ఆదివారం

చిరంజీవి పిచ్చుకకు,

అక్క ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. చిన్నప్పుడు అమ్మ మనిద్దరి చేతా పెద్దమ్మకు ఉత్తరం రాయిస్తుంటే, ఈ ఒక్క ముక్క పూర్తయ్యేసరికి నువ్వు కలం పారేసి వీధిలోకి పరుగెత్తేదానివి. మిగతాదంతా నా నెత్తిన పడేది. ఇప్పుడూ అలాగే అయ్యేటట్టుంది.

ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చింపి పారేసినా ముందొకసారి చదువుతావని నా నమ్మకం. అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండలేని జబ్బు నీకు ముందునుంచీ ఉంది. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదిలేదానివి కాదు. అందుకే నువ్వు టీచరమ్మవయ్యావు, నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తున్నాను.

అమ్మ పోయి పదహారు రోజులు. ఆ రోజు నువ్వు పొద్దున వచ్చి, గుమ్మం పక్కన చెప్పుల అలమరకు ఆనుకుని కూర్చుని, సాయంత్రం బండికి వెళ్ళిపోయావు. నాతో ఆడినవి రెండే మాటలు. మంచినీళ్ళు ఎక్కడున్నాయని ఒకటి, వెళ్ళొస్తానని ఒకటి. పుట్టి పెరిగిన ఇంట్లో మంచినీళ్ళు ఎక్కడున్నాయని అడగాల్సిన గతి పట్టించాను నీకు. అది తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు.

సరే, అసలు సంగతి. అమ్మ కుండీలు చచ్చిపోతున్నాయి. ఇరవై మూడింటిలో తొమ్మిది అప్పుడే పోయాయి. మిగిలిన పద్నాలుగూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాయి. ఆకుల అంచులన్నీ అగ్గిపుల్లతో కాల్చినట్టు మాడిపోయాయి. మట్టి మీద తెల్లటి పొర పేరుకుంది. అమ్మ మంచం దిగని నెలరోజులూ నేను వాటివైపు సరిగ్గా చూడలేదు. తలా ఒక గ్లాసు నీళ్ళు పోసి, వరండా తలుపు వేసేసేదాన్ని.

డిసెంబరులో జరిగింది ఇద్దరికీ తెలుసు. అయినా ఒకసారి వరసగా రాసుకుంటే నా మనసు కుదుటపడుతుందేమో. నువ్వు రెండు రోజుల కోసం వచ్చావు. వస్తూ గుళికల ఎరువు డబ్బా తెచ్చావు. శనివారం నేను దుకాణంలో ఉండగా, అమ్మ మంచం గుమ్మం దగ్గరికి లాగి, ఆవిడ చూస్తుండగా కుండీకి ఒక చెంచా చొప్పున వేశావు. ఆ సంగతి నాకు చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా, మనింట్లో ఆ మాట కుండీయే చెబుతుంది కదా. అమ్మ పనిచేసిన లాండ్రీలో ఇస్త్రీ అయిన దుప్పట్ల మడత గోడవైపుకీ, కానివాటి మడత ఇటువైపుకీ పెట్టేవాళ్ళని, అమ్మ అదే పద్ధతి ఇంటికి తెచ్చింది. చదువు రాని మనిషి, ముగ్గురం మూడు వేళల్లో ఇంట్లో ఉండేవాళ్ళం, ఇంకేం చేస్తుంది? నీ గోళ్ళరంగు సీసా తీసుకుని ఒక్కో కుండీకి ఒక ఎర్రచుక్క పెట్టింది. ఎరువు వేసినవాళ్ళు చుక్కను గోడవైపు తిప్పాలి. ఒకటో తారీకున అన్నీ మళ్ళీ వీధివైపుకి. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు.

నువ్వు వెళ్ళిన మర్నాడు సాయంత్రం నేను చూస్తే చుక్కలన్నీ వీధివైపే ఉన్నాయి. డబ్బా తెచ్చింది కానీ వెయ్యడం మరిచిపోయింది మహాతల్లి అనుకుని, నేను వేశాను. వేసేదేదో బాగా వేద్దామని నిండు చెంచా వేశాను. పది రోజులకల్లా మొక్కలన్నీ మాడాయి. అప్పుడు నీకు ఫోన్ చేసి ఏమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నువ్వు తిప్పానక్కా తిప్పానక్కా అని ఏడుస్తుంటే, అయితే కుండీలకు కాళ్ళొచ్చి తిరిగాయా అన్నాను. రెండు రోజులకని వచ్చి, మొక్కల బెంగతో అమ్మ ప్రాణాల మీదికి తెచ్చావన్నాను. ఇక ఈ గడప తొక్కకన్నాను.

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తిప్పడం మరిచిపోయావే అనుకో, అదేమన్నా ఖూనీయా? మనుషులన్నాక మరిచిపోతారు.

నిన్న రైలు గేటు దగ్గరి నర్సరీ ముసలాయనను పిలుచుకొచ్చాను. అమ్మ ఆయనకు గొణుగుడు తాత అని పేరు పెట్టింది, తెలుసుగా. మెట్టుకో తిట్టు చొప్పున తిడుతూ ఎక్కాడు. కుండీలు చూసి, ఇది ఆకలి కాదమ్మా అజీర్ణం అన్నాడు. ఒక కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి, నీళ్ళు మెల్లగా పోసి, అడుగు చిల్లుల్లోంచి కారిన నీటిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నన్నూ పెట్టుకోమన్నాడు. ఉప్పగా ఉంది, పిచ్చుకా. ఆ ఉప్పు వేళ్ళలోని తడిని లాగేస్తుందట. నీళ్ళలో నిలబడి కూడా మొక్క దాహంతో చస్తుందట.

పైన తెల్లపొరను వేలి కణుపు లోతున గీకి పారెయ్యాలి. కుండీ పట్టే నీటికి నాలుగైదింతలు నింపాదిగా పొయ్యాలి, అంతా కారిపోనివ్వాలి, గంట ఆగి మళ్ళీ పొయ్యాలి. కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు మళ్ళీ మొక్క తాగకుండా చూడాలి. ఇవాళ పొద్దుటినుంచీ అదే పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకో. కారిన నీళ్ళు కింద తాళాలు బాగుచేసేవాడి నెత్తిన పడి, అతను నన్నూ మన వంశాన్నీ కలిపి దీవించాడు.

బతికినవాటిలో సగం నీవి. సెలవులకు వచ్చి తీసుకెళ్ళు. రాకపోయినా జవాబు రాయి.

ఇట్లు,
నీ అక్క


మార్చి 2, ఆదివారం

చిరంజీవి పిచ్చుకకు,

అక్క దీవెనలు. నీ క్షేమం తెలియలేదు. నా క్షేమం నువ్వు అడగలేదు. అయినా చెబుతాను, బాగానే ఉన్నాను.

మూడు వారాలైంది, నీ దగ్గరినుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నువ్వు వెక్కిరించేదానివి, నీ కుందేలుకు అసలు కాళ్ళే ఉన్నట్టు లేవు. పోనీలే. వినేవాళ్ళు లేకపోయినా మాట్లాడటం నాకు అలవాటే. దుకాణంలో రోజంతా అరగదీత మిషను చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అయినా అందరం మాట్లాడుతూనే ఉంటాం.

నీళ్ళతో కడిగినవాటిలో అయిదు తెప్పరిల్లాయి. మిగిలిన తొమ్మిదీ అలాగే వేలాడుతుంటే గొణుగుడు తాత మళ్ళీ వచ్చాడు. ఈసారి వేళ్ళు చూడాల్సిందే అన్నాడు. కుండీని పక్కకు ఒరగబెట్టి, అరచేత్తో అడుగున నాలుగు దెబ్బలు కొట్టి, మట్టి ముద్దతో సహా మొక్కను బయటికి లాగాడు. ఆ వాసన నీకు చెప్పలేను. ఎన్నాళ్ళో నీళ్ళు మార్చని పూలగిన్నె వాసన. నల్లగా మెత్తబడి, ముట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చే వేళ్ళు చచ్చినవి. తెల్లగా, గట్టిగా ఉన్నవి బతికినవి. చచ్చినవాటిని కత్తిరించకపోతే బతికినవాటిని కూడా పాడు చేస్తాయట. కత్తెరను ప్రతి కోతకూ స్పిరిటుతో తుడవమన్నాడు. దుకాణంలో అద్దాలు తుడిచే స్పిరిటు తెచ్చాను, మా యజమానికి చెప్పకు.

గులాబీకి పిడికెడు వేళ్ళుండేవి కదా, కత్తిరించాక నాలుగు దారప్పోగులు మిగిలాయి. నాలుగు వేళ్ళు అంత కొమ్మను మొయ్యలేవని, పైన కూడా సగానికి కోసేశాడు. నేను వద్దు వద్దని అరిచాను. మొగ్గతో ఉన్న కొమ్మ అది. ఆయన నావైపు చూసి, పువ్వు కావాలా మొక్క కావాలా అని అడిగాడు. నోరు మూసుకున్నాను. నా నోరు మూయించిన మనిషిని చూడాలంటే వచ్చి చూడు.

తర్వాత చిన్న కుండీల్లోకి మార్చాం. పెద్దదైతే ఆ కాసిన్ని వేళ్ళు తాగలేనంత తడి నిలిచి మళ్ళీ కుళ్ళుతాయట. ఉత్త మట్టి, దానిలో మూడోవంతు ముతక ఇసుక. ఎరువు పేరెత్తితే నర్సరీ గేటు దగ్గరికి కూడా రానివ్వనన్నాడు. నీడన పెట్టి, వేలు పెడితే పైమట్టి పొడిగా తగిలినప్పుడే నీళ్ళు పోసి, మిగతా సమయంలో వాటి జోలికి పోకుండా ఉండమన్నాడు.

ఆ చివరిదే నాకు చేతకాలేదు. ఒప్పుకుంటున్నాను, మల్లెను నేనే చంపాను. ఎరువు చంపలేదు, కత్తెర చంపలేదు. నా ఆత్రం చంపింది. అద్దం అరగదీసేటప్పుడు నాలుగుసార్లు తీసి వెలుతురుకు పెట్టి చూడందే నాకు చెయ్యి ఆడదు. అదే అలవాటున కొత్త వేరు వచ్చిందా లేదా అని రోజు విడిచి రోజు మల్లెను పీకి చూశాను. ఆరో రోజుకు నిజంగానే ఒక తెల్లటి వేరు మొదలైంది, బియ్యపుగింజంత. సంతోషం పట్టలేక ఎనిమిదో రోజు మళ్ళీ పీకాను, అది తెగి మట్టిలో ఉండిపోయింది. నిన్న తీసి పారేశాను. అమ్మ పెళ్ళయి వచ్చినప్పుడు తెచ్చుకున్న మొక్క పిల్లకు పిల్ల అది. వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు నేను అలా ఏడవలేదు, నువ్వు చూశావు కదా.

అమ్మ మంచం ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. లోపలికి జరపడానికి ఒక్కదాన్నే పట్టలేకపోయాను. బరువని కాదు.

ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నీ అక్క


మార్చి 23, ఆదివారం

చిరంజీవి పిచ్చుకకు,

అక్క ఆశీస్సులు. నీ కార్డు మంగళవారం అందింది. పోస్టుమాను చేతికివ్వకుండా తలుపు సందులోంచి వేసి పోయాడు. నేల మీద నీ చేతిరాత చూసి, అరిటాకులో పాయసం చూసినంత సంబరపడ్డానని రాద్దామనుకున్నాను కానీ, అంత సంబరం కాదది, భయం కూడా ఉంది.

మూడే వాక్యాలు రాశావు. మూడూ నాకు కంఠతా వచ్చాయి. నేను తిప్పాను అక్కా. ఇరవై మూడూ తిప్పాను. చివరి రోజుల్లో అమ్మ నా గురించి ఏమైనా అందా?

అడిగింది. ఎందుకడగదు? రోజూ నీ ఊసే. అమ్మకు నీమీద కోపం లేదు, ఆ మాట గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతాను. కుండీల సంగతి ఇక తవ్వుకోవద్దు. ఎవరు తిప్పారో, ఎవరు తిప్పలేదో, ఇప్పుడు తేల్చుకుని ఎవరిని బతికించుకుంటాం? అదంతా వదిలేద్దాం.

మొక్కల కబుర్లు చెబుతాను విను. కలబంద ఒకటి, నిమ్మ ఒకటి పోయాయి. నిమ్మ పోతుందని తాత ముందే చెప్పాడు, నేనే మొండికేశాను. మిగిలినవి పదకొండు. వాటిలో క్రోటను పాత ఆకులన్నీ రాల్చేసి బోడిగా నిలబడింది. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదట, దాని కోసం చూడొద్దట, కొత్త ఆకు ఏ రంగులో వస్తుందో అది చూడమన్నాడు. అయిదు వారాలైనా ఏమీ రాకపోతే పారేద్దామనుకుని నిన్న పొద్దున కుండీ ఎత్తాను. కణుపు దగ్గర పెసరగింజంత చిగురు కనబడింది. ఎత్తిన కుండీని ఎత్తినట్టే దించాను. అమ్మను మంచం మీద దించినంత మెల్లగా దించాను.

అమ్మను స్నానానికి ఎత్తుకెళ్ళేదాన్ని కదా. చివరికి నా చేతుల్లో ఏమీ బరువుండేది కాదు. జీవితమంతా తడి దుప్పట్లు మోసిన మనిషి. ఎత్తిన ప్రతిసారీ, నీ నడుం జాగ్రత్తే అనేది. నా నడుం సంగతి ఈ ప్రపంచంలో ఇంకెవరికీ పట్టదు.

నువ్వు అడిగినదానికి ఇంతకంటే రాయలేకపోతున్నాను. ఏమీ అనుకోకు. సెలవులు ఎప్పుడిస్తారో రాయి.

ఇట్లు,
నీ అక్క


ఏప్రిల్ 13, ఆదివారం

చిరంజీవి పిచ్చుకకు,

అక్క మనసారా దీవించి రాసేది. నీ ఉత్తరం వచ్చింది. ఈసారి రెండు పేజీలు. ఇరవై ఏడో తారీకు ఆదివారం పొద్దుటి బండికి వస్తానని రాశావు. ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి కూర్చుని, టీ చల్లారబెట్టుకున్నాను.

పదకొండులో ఇంకో మూడు పోయాయి, ఎనిమిది మొక్కలు బతికాయి. ఇక ఇవి పోవని తాత ఖాయం చేశాడు. ఇరవై మూడుకు ఎనిమిది అంటే ఇంత గాలికి దీపం ఆరనట్టే అన్నాడు. గులాబీకి మూడు కొమ్మలు వచ్చాయి. క్రోటను అరచెయ్యంత ఆకు వేసింది, అంచు మాడలేదు. ఎర్రమందారం ఒక్కటే ఇంకా అలిగినట్టుంది, చిగుళ్ళు వేస్తుంది కానీ సాగదు. జూన్ దాకా ఎరువు ముట్టుకోవద్దనీ, ముట్టుకున్నా డబ్బా మీద రాసినదానిలో పావువంతే నీళ్ళలో కలిపి పొయ్యమనీ అన్నాడు. డబ్బా పారేశానని చెప్పాను. మంచిపని చేశావు, పిచ్చికోపం కూడా పారెయ్యకపోయావా అన్నాడు. ఆయనకు నేను ఏమీ చెప్పలేదు, అయినా అన్నాడు.

నీ వాటా నాలుగు. బండిలో తీసుకెళ్ళడానికి అట్టపెట్టె, తడిగుడ్డలు సిద్ధం చేస్తాను. నీకిష్టమని ముందుగదిలో కిటికీ పక్కన పరుపు వేశాను. దుప్పటి అమ్మ ఇస్త్రీ చేసినదే, అలమర అడుగున మడత చెదరకుండా దొరికింది. దాన్ని పరిచాను, మళ్ళీ తీసి లోపల పెట్టాను. నువ్వొచ్చాక నువ్వే చెప్పు పరవాలో వద్దో.

రెండో పేజీ చివర నువ్వు రాసినది మళ్ళీ మళ్ళీ చదివాను. ఈ మూడు నెలల్లో ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా, ఒక్కోసారి తిప్పినట్టే ఉంటుంది, ఒక్కోసారి తిప్పనట్టే ఉంటుంది, బహుశా నేనే మరిచిపోయానేమో అక్కా, అమ్మను చివరిదశలో అంత బాధ పెట్టింది నేనే అయితే నన్ను క్షమించు అని రాశావు. బడిలో పిల్లల పేర్లు పిలుస్తూ మధ్యలో ఆగిపోతున్నావట, నీ జ్ఞాపకం మీద నీకే నమ్మకం పోయిందట.

నువ్వు క్షమించమని అడగాల్సింది ఏమీ లేదు. దారిలో ఏమైనా తిను, ఖాళీ కడుపుతో రాకు. మిగతావి నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఎప్పటికీ నీ
అక్క

తా.క. కవరు అంటించి, మళ్ళీ చింపాను. వచ్చాక మాట్లాడుకుందామని రాశానే, నువ్వు ఎదురుగా నిలబడితే నేను మాట్లాడను. నాకు నా సంగతి తెలుసు. అందుకని ఇక్కడే రాస్తున్నాను.

నువ్వు తిప్పావు. ఇరవై మూడూ తిప్పావు. నీ జ్ఞాపకానికి ఏమీ కాలేదు. వాటిని మళ్ళీ వీధివైపు తిప్పింది అమ్మ.

సోమవారం నేను దుకాణానికి వెళ్ళాక, గోడ పట్టుకుని నడిచి, నాలుగు కుండీలకోసారి కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ తిప్పిందట. నెలాఖరు సెలవులకు వారం రోజులు ఉంటానని నువ్వు చెప్పి వెళ్ళావు కదా, అప్పటికి వరండా నిండా పూలుండాలని ఆవిడ ఆశ. ఒక చెంచాకు ఇన్ని పూస్తే రెండు చెంచాలకు ఎన్ని పూస్తాయో అనుకుంది. అంచు పట్టి తిప్పగలిగింది కానీ, డబ్బా మోస్తూ వంగి వెయ్యడం తన వల్ల కాదు. నన్ను అడిగితే కసురుతానని భయం. చుక్కలు తిప్పితే నా అంతట నేనే వేస్తానని ఉపాయం పన్నింది. నేను వేస్తుంటే మంచం మీంచి, కాస్త నిండుగా వెయ్యవే అంది కూడా.

నేను నిన్ను ఫోన్లో తిడుతుంటే అంతా వింటూనే ఉంది. నన్ను చూసి బెదిరిపోయి నోరెత్తలేదు. మూడు రోజులు సరిగ్గా తినలేదు. నాలుగో రోజు పొద్దున జడ వేస్తుంటే చెప్పింది. నేనే తిప్పానే, దాని తప్పు లేదు, నాకు ఫోన్లో మాట వినపడదు, నువ్వు చేసి చెప్పు, అమ్మ తప్పైపోయిందందని చెప్పు, సెలవులు అయిపోకముందే రమ్మను అంది.

నేను చెయ్యలేదు.

తొమ్మిదేళ్ళు ఆవిడ పక్కన ఉన్నది నేను. మందులు, మూత్రం గిన్నె, నడుం నొప్పి నావి. పూలు మాత్రం నీకోసం. కడుపు మండిపోయింది నాకు. ఒక్కరోజు పోనీ, రేపు చేద్దాంలే అనుకున్నాను. ఆ సాయంత్రమే అమ్మ అడిగింది, చేశావా అని. చేశానన్నాను. ఏమందని అడిగింది. సరేనందన్నాను. ఎప్పుడొస్తుందట అని అడిగింది. వీలు చూసుకుని వస్తుందిలే అన్నాను. ఆ తర్వాత నీకు ఫోన్ చెయ్యాలంటే, ముందు అమ్మ దగ్గర ఆ అబద్ధం ఒప్పుకోవాలి. ఒప్పుకోలేకపోయాను. తర్వాత ఇరవై అయిదు రోజులు బతికింది. ఇరవై అయిదు రోజులూ ఫోన్ నా చేతిలోనే ఉంది.

సెలవులన్నాళ్ళూ మెట్ల మీద చప్పుడైతే తల ఎత్తి చూసేది. గొంతు రాకపోతే కళ్ళతో అడిగేది. తాళాలవాడే అని చెప్పేదాన్ని. సెలవులు అయిపోయాక అడగడం మానేసింది. చివరి వారంలో ఒక మధ్యాహ్నం, నేను పక్కనే ఉండగా, గోడవైపు తిరిగి అంది, తప్పైపోయిందని చెప్పి పంపినా రాలేదంటే దానికి నామీద ఎంత కోపమోనే అని. నేను మందు తాగమన్నాను.

చివరి రోజుల్లో అమ్మ నీ గురించి ఏమైనా అందా అని అడిగావు. అది అంది.

అమ్మ నీమీద కోపంతో పోలేదు. నీకు తనమీద కోపమనుకుని పోయింది. మీ ఇద్దరికీ నడుమ ఉన్నదాన్ని నేను. ఇరవై ఏడున తలుపు తీసే ఉంచుతాను. నువ్వు రాకపోతే నిన్ను తప్పు పట్టను. నీ నాలుగు కుండీలూ నేనే తెచ్చి మీ గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టకుండా వచ్చేస్తాను.